ఐదు వందల తర్వాతి మోత

ఖుద్సియా వాళ్లింటి ముందు గదిలో కుట్టు నేర్పే బడి పెట్టుకుందామనుకుంది. ఆ సంగతి జెడ్డాలో ఉన్న భర్తకు మూడు ఉత్తరాల్లో రాసింది. మొదటి ఉత్తరానికి జవాబులో సర్వర్ అక్కడి ఎండల గురించి రాశాడు. రెండో దానికి జవాబులో తన తల్లి మోకాళ్లకు ఏ నూనె రాయాలో రాశాడు. మూడో దానికి జవాబుగా ఒక డబ్బా పంపాడు.

డబ్బా తెచ్చినాయన కోహీర్ మనిషి, సెలవు మీద వచ్చాడు. వస్తువు అరచేతిలో పట్టేంత ఉంది. మధ్యలో అద్దం, అద్దానికి అటొకటి ఇటొకటి మీటలు, ఒక మూల గడియారం అంకెలు. సర్వర్ తల్లి ఇమామ్ బీ ఆ అంకెలు చూసి అది గడియారమే అనుకుంది.

"గింత పెద్ద గడియారం చేతికి ఎట్ల కట్టుకుంటరే?" అని కోడలిని అడిగింది.

మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. డబ్బాతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉండడంతో నన్ను పిలిచారు. నేను హైదరాబాదులో బి.ఏ. చదివాను. పెళ్లయి జహీరాబాద్ వచ్చాక ఆ చదువు ఎక్కువగా మందు సీసాల మీది చీటీలు చదవడానికీ, వీధిలో వాళ్ల దరఖాస్తులు నింపడానికీ పనికొచ్చింది. ఆట కాగితం చదవడం దాని కంటే ఒక మెట్టు పైనే. ఆ కాగితం రాసినవాళ్లకు కూడా ఇంగ్లీషు సొంత భాష కాదని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది కాబట్టి మేమూ మేమూ సర్దుకుపోయాం.

ఆట ఇదీ. అద్దం పైనుంచి మూడు వరుసల్లో ఆకారాలు దిగుతుంటాయి. గుండ్రం, చౌకం, త్రికోణం. కింద తుపాకి పట్టుకుని ఒక మనిషి. ఎడమ మీట నొక్కితే మనిషి పక్క వరుస కిందికి జరుగుతాడు, కుడి మీట నొక్కితే కాలుస్తాడు. గుండు తగిలితే గుండ్రం చౌకమవుతుంది, చౌకం త్రికోణమవుతుంది, త్రికోణం మళ్లీ గుండ్రమవుతుంది. అడ్డంగా మూడూ ఒకటే ఆకారమైతే మాయమైపోయి లెక్క పెరుగుతుంది. లేకపోతే వచ్చి మనిషి నెత్తిన పడతాయి. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కంతా మోతతో. డబ్బా టిక్, టిక్, టీ... టిక్, టిక్, టీ... అని ఆగకుండా మోగుతుంటుంది. సరిగ్గా ఆ 'టీ' మీద నొక్కితేనే గుండు పేలుతుంది. ముందు నొక్కినా తర్వాత నొక్కినా తుపాకి మనిషి తల అడ్డంగా ఊపుతాడు. మా మేనత్త ఒకామె అచ్చం అట్లాగే ఊపేది.

డబ్బాతో పాటు ఉత్తరం కూడా ఉంది. అది ఉర్దూలో ఉంటే ఖుద్సియా చదివి నాకు చెప్పింది. ఇమామ్ బీ అప్పుడు వంటింట్లో ఉంది.

"'ఇది నా పాత డబ్బా. నేను కొత్తది కొనుక్కున్న. దీంట్ల నా రికార్డు నాలుగొందల పన్నెండు. మా రూముల కుంజు అని మలబారాయన ఒక్కడే ఐదొందలు దాటిండు. నువ్వు ఊకె కుట్టు బడి, కుట్టు బడి అని రాస్తున్నవ్. ముందుగాల ఇది నేర్చుకో. నువ్వు ఐదొందలు కొట్టినవనుకో, దివాన్‌ఖానాల నీ మిషన్లు పెట్టుకో, నేనేమన్న.' గిట్ల రాసిండు అక్కా." ఉత్తరం మడిచింది ఖుద్సియా. "నవ్వులాటకు రాసిండు."

"రాసిండు కద," అన్నాను నేను. "కింద సంతకం కూడ పెట్టిండు."

ఖుద్సియా నా మొహంలోకి ఒకసారి చూసింది. ఉత్తరాన్ని మళ్లీ విప్పి సంతకం చూసింది. తర్వాత దాన్ని తీసుకెళ్లి బట్టల పెట్టెలో, పెళ్లి చీర కింద పెట్టింది.

వాళ్ల దివాన్‌ఖానా అంటే వీధి వైపు గది. అందులో రెండు పేము కుర్చీలు, ఒక గోడ క్యాలెండరు, ఇమామ్ బీ తఖ్తు, అంటే చెక్క మంచం. సర్వర్ రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద వచ్చినప్పుడు అతన్ని చూడడానికి వచ్చే మగవాళ్లు అక్కడ కూర్చుంటారు. మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం పూట ఇమామ్ బీ తఖ్తు మీద పడుకుని రేడియో వింటుంది. అంతే. ఖుద్సియా బీదర్‌లో ఏడాది పాటు కుట్టు నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. వీధిలో ఆడపిల్లల్ని బీదర్ పంపడానికి ఇళ్లలో ఒప్పుకోరు, ఖుద్సియా దగ్గరికైతే పంపుతామని ఆరుగురి తల్లులు అన్నారు.

"రెండేండ్లకు ఒకసారి వచ్చెటోళ్ల కోసం గది ఖాళీగ పెట్టుకొని కుర్చీలు తుడుస్తున్న అక్కా," అనేది ఖుద్సియా. "కుర్చీలు నాతోని మాట్లాడుతయా?"

సర్వర్ బాధ వేరు. పెళ్లాం మిషన్ తొక్కుతుంటే మొగుడు జెడ్డాలో ఏం చేస్తున్నట్టు అని నలుగురూ అడుగుతారని. ఇమామ్ బీ బాధ ఇంకా సూటిగా ఉండేది. నాలుగు మిషన్లు వస్తే తఖ్తు వెనక అర్రలోకి పోతుంది. అందుకని పందెం సంగతి ఇమామ్ బీకి చెప్పవద్దని సలహా ఇచ్చింది నేనే. అప్పట్లో అది తెలివైన సలహాలాగే కనిపించింది.

అద్దంలో ఆకారాలు కనబడాలంటే వెలుతురు కావాలి. ఆ ఇంట్లో వెలుతురున్న కిటికీ దివాన్‌ఖానాలోనే ఉంది. కాబట్టి మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక ఖుద్సియా కిటికీ కింద చాప వేసుకుని కూర్చునేది. పక్కనే తఖ్తు మీద ఇమామ్ బీ కళ్లు మూసుకుని పడుకునేది. మొదటి వారం ఖుద్సియా అరవై, డెబ్బై దాటలేదు. నేను నలభై ఒకటి కొట్టి విరమించుకున్నాను.

"ఏందే ఆ టిక్కు టిక్కు? గోడ మీద బల్లి తీరు," అని గొణిగేది ఇమామ్ బీ.

"టైంపాస్ అమ్మీ."

"టైం ఊకెనే పాస్ అయితది. నువ్వు నూకుడెందుకు?"

పది రోజులైనా లెక్క నూట ఇరవై దగ్గరే ఆగింది. తుపాకి మనిషి తల ఊపుతూనే ఉన్నాడు. ఆ రోజు నేను కూడా అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఇమామ్ బీ కళ్లు తెరవకుండానే అంది:

"నువ్వు మోత ఇన్నంక కొడుతున్నవ్ బేటీ."

"ఇన్నంకనే కద అమ్మీ కొట్టాలె?"

"ఇన్నంక కొడితె దూది ముద్ద కడతది. మోత వచ్చెటప్పటికి చెయ్యి వచ్చి ఉండాలె. చెయ్యి ముందుగాల బయలెల్లాలె."

ఇమామ్ బీ తండ్రిది దూది ఏకే పని. చలికాలం రాకముందే భుజాన పెద్ద విల్లు వేసుకుని రాయికోడ్ వైపు ఊళ్లన్నీ తిరిగేవాడట. విల్లు తీగను కట్టెతో కొడుతుంటే దూది విచ్చుకుని లేచేది. పక్కన కూర్చుని దాన్ని పోగుచేయడం చిన్నప్పటి ఇమామ్ బీ పని. దూది చెమ్మగా ఉంటే తీగ ఒక తీరున మోగుతుందనీ, ఎండితే ఇంకో తీరున మోగుతుందనీ, తండ్రి చేయి అలసిపోతే అది కూడా మోతలోనే తెలిసేదనీ చెప్పింది. ఇదంతా కళ్లు మూసుకునే చెప్పింది. చెప్పి అటు తిరిగి పడుకుంది.

ఖుద్సియా మళ్లీ మొదలుపెట్టింది. మోత కోసం ఎదురుచూడడం మానేసింది. మొదట్లో తొందరపడింది, తుపాకి మనిషి ఇంకా గట్టిగా తల ఊపాడు. తర్వాత కుదిరింది. ఆ రోజు సాయంత్రం నమాజు వేళకు రెండు వందల నలభై కొట్టింది. ఆ ఒక్క మాటతో ఇమామ్ బీ తన తఖ్తును తానే వెనక అర్ర వైపు ఒక మూరెడు జరుపుకున్నట్టయిందన్న సంగతి ఆమెకు తెలియదు. మేము చెప్పలేదు.

రెండో వారానికి మూడు వందలు దాటింది. మూడో వారంలో మొగుడి నాలుగు వందల పన్నెండు దాటింది. ఆ రోజు షీర్ ఖుర్మా చేసింది. ఎందుకు చేశావని ఇమామ్ బీ అడిగితే పాలు మిగిలినయి అంది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం నేను మా ఇంట్లో చింతపండు గింజలు తీస్తుంటే గోడ అవతల నుంచి "అక్కా! జర రాండ్రి!" అని కేక వినబడింది. చేతులు కడుక్కోకుండానే పరుగెత్తాను. నేను పోయేసరికి ఆట అయిపోయింది. అద్దంలో ఐదు వందల ఇరవై మూడు. ఖుద్సియా నుదురంతా చెమట.

"ఐదొందలు దాటంగనే మోత మారింది అక్కా. ఒక్కసారే మారింది. కుంజు సంగతి రాసిండు కద, ఈ సంగతి రాయలే చూడు. నాకు కాళ్లు చేతులు ఆడలే. అయినా ఇంకో ఇరవై మూడు కొట్టిన."

"ఏం మోతనే అది, తలకాయ పగిలింది," అంది ఇమామ్ బీ తఖ్తు మీద నుంచి. "దినాం ఒక తీరు మోగుతది, ఇయ్యాల ఇంకో తీరు మోగింది. కన్ను అంటుకోంగనే లేపింది."

ఎడమ మీట రెండుసార్లు నొక్కితే అన్నిటికన్నా పెద్ద లెక్క అద్దం మీదికి వస్తుంది. సాయంత్రం లోపల మేము దాన్ని ఓ పదిసార్లు నొక్కి చూసుకున్నాం. సర్వర్ ఇంకో పద్దెనిమిది రోజుల్లో వస్తున్నాడు. ఉత్తరం రాస్తే అది జెడ్డా చేరేలోపల అతనే ఇక్కడ ఉంటాడు. చెప్తే నమ్మడు, చూపియ్యాలె అంది ఖుద్సియా.

నాలుగు రోజులకు అంకెలు మసకబారాయి.

గడియారాలు బాగుచేసే దస్తగిర్ దగ్గరికి ఇద్దరం తీసుకెళ్లాం. అతను కంటికి భూతద్దం తగిలించుకుని డబ్బా వెనక మూత తీసి చూశాడు.

"రెండు సెల్లులున్నయి. నీరసం అయినయి. కొత్తయి హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె."

"తెప్పించి వేస్తె ఇందుల ఉన్న లెక్క ఉంటది కద భాయ్?" అని అడిగింది ఖుద్సియా.

"ఎట్ల ఉంటది? సెల్లు తీసిన్రంటె దీనికి యాదున్నదంత పోతది. టైం కూడ పన్నెండు నుంచి మళ్ల మొదలు."

"తియ్యకపోతె?"

"ఆడకుంట పక్కకు పెడితె నెల దినాలు ఉంటది. ఆడితె రెండు రోజులు."

"అయితె మూత పెట్టు," అంది ఖుద్సియా. అతను ఇంకేదో చెప్పబోతుంటే, "పెట్టు భాయ్, పెట్టు," అని చేయి చాపింది.

ఇంటికి తెచ్చి డబ్బాను మల్లు గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టింది. దాన్ని ముట్టుకోవద్దనీ, మీట కూడా నొక్కవద్దనీ నాతో ఒట్టు వేయించుకుంది. మధ్యాహ్నాలు మళ్లీ నిశ్శబ్దంగా గడవసాగాయి. రెండు రోజులు చూసి ఇమామ్ బీ అడిగింది.

"ఆడుతలేవేందే?"

"మసకైంది అమ్మీ. సెల్లులు అయిపోయినయి," అంది ఖుద్సియా. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. చెప్పవద్దన్నది నేనే కదా.

సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టడం మా వీధిలో అందరికీ అలవాటే. రేడియో సెల్లులు, టార్చి సెల్లులు, ఎండాకాలంలో వడియాల పక్కనే వరసగా ఉంటాయి. ఒక పూట ఎండితే ఇంకో రెండు రోజులు నడుస్తాయి. మా ఆయన సైన్సు మాస్టారై ఉండి కూడా మా టార్చి సెల్లులు తనే తీసుకెళ్లి డాబా మీద పెడతాడు. ఇమామ్ బీ అయితే ప్రతి గురువారం పెట్టేది.

ఆ గురువారం నేనూ ఖుద్సియా బజారుకు వెళ్లాం. సర్వర్ రావడానికి ఇంకా ఎనిమిది రోజులుంది, దుప్పట్లకు గుడ్డ కొనాలి. మేము తిరిగి వచ్చేసరికి ఇమామ్ బీ గుమ్మంలోనే నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులతో డాబా మెట్లు ఎక్కి దిగిన మనిషి మొహం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది, కానీ సంతోషంగా ఉంది.

"నీ డబ్బా సెల్లులు కూడ పెట్టిన బేటీ," అంది. "పిన్నీసుతోని మూత తీసిన. గుండీలంత ఉన్నయి, కాకి ఎత్తుకపోతదని పైన జల్లెడ బోర్లించిన. పొద్దటి సంది మంచిగ కాగినయి."

ఖుద్సియా చేతిలోని గుడ్డ తాను నేను పట్టుకున్నాను. ఆమె పైకి వెళ్లింది. నేనూ వెళ్లాను. పళ్లెంలో రేడియో సెల్లులు నాలుగు, వాటి పక్కన చిన్నవి రెండు, జల్లెడ కింద ఒద్దికగా ఉన్నాయి. ఖుద్సియా వాటిని డబ్బాలో వేసి మూత పెట్టింది. నిజం చెప్పాలంటే అంకెలు ముందుకన్నా స్పష్టంగానే కనిపించాయి. టైం పన్నెండు. ఎడమ మీట రెండుసార్లు నొక్కింది. సున్నా.

ఆమె ఏడవలేదు. పళ్లెం, జల్లెడ పట్టుకుని కిందికి దిగింది. రేడియో సెల్లులు రేడియోలో వేసింది. ఆ రోజూ మర్నాడూ అత్తకు అన్నం పెట్టింది, మోకాళ్లకు నూనె రాసింది, ఒక్క మాట మాట్లాడలేదు.

తఖ్తు కదలకూడదని ఇమామ్ బీ అన్నీ తెలిసే చేసిందేమో అని నాకు ఒక పూట అనుమానం వచ్చింది. ఆ పూటంతా గోడ అవతల ఆమె గొంతు వినబడినా పలకలేదు. మూడో రోజు పొద్దున ఆమే గోడ పట్టుకుని నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"ఏం పాపం చేసిన బిడ్డా? పిల్ల నాతోని మాట్లాడుతలేదు. సర్వర్ వచ్చెటప్పటికి ఇంట్ల గిట్ల ఉంటె బాగుంటదా?"

కూర్చోబెట్టి చాయ ఇచ్చి మొత్తం చెప్పాను. ఉత్తరం, పందెం, ఐదు వందల ఇరవై మూడు, దస్తగిర్ చెప్పింది, అన్నీ. చెప్తున్నంతసేపూ ఆమె చాయ తాగలేదు.

"మిషన్లు పెడితె నా తఖ్తు ఏడ పెడ్దామనుకున్నరు?"

"వెనక అర్రల ఖాలా."

"వెనక అర్రల రేడియో పలకదు."

"అవును."

"నాతోని ముందే చెప్పి ఉంటె ఆ సెల్లులు నేనెందుకు ముడ్తుంటి?"

"చెప్పి ఉంటె ఆమెను ఆడనిస్తుంటివా ఖాలా?"

ఇమామ్ బీ కొంచెంసేపు ఆలోచించింది. ఊరికే అనడానికి కాదు, నిజంగానే ఆలోచించింది.

"లేదు," అంది. చల్లారిన చాయ ఒక్క గుక్కలో తాగి గ్లాసు నాకిచ్చింది. "ఇద్దరికి ఇద్దరు గట్టోళ్లే మీరు," అని మళ్లీ గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

ఖుద్సియా మళ్లీ ఆడింది. మిగిలిన ఐదు రోజుల్లో ఐదు వందలు కొట్టాలని కూర్చుంటే వేళ్లు బిగుసుకుపోయాయి. మూడు వందల పది. రెండు వందల ఎనభై ఎనిమిది. మూడు వందల నలభై నాలుగు. ఎండ ఇచ్చిన బలం రెండు రోజుల్లో అయిపోయింది. మూడో రోజు అద్దం తెల్లగా మిగిలింది.

సర్వర్ బొంబాయి బస్సు దిగి పొద్దున్నే వచ్చాడు. రెండు సూట్‌కేసులు, ఒక టేప్‌రికార్డరు, ఇమామ్ బీకి ఒక కంబళి, అదీ ఎండాకాలంలో. రెండు రోజులు దివాన్‌ఖానా నిండా మగవాళ్లే. మూడో రోజు సాయంత్రం మా ఆయననూ నన్నూ చాయకు పిలిచారు. అప్పటికి అతని చిన్నాన్న కొడుకులు ఇద్దరే మిగిలారు. సర్వర్ మంచివాడు. నవ్వు మొహం. డబ్బా సంగతి అతనే ఎత్తాడు.

"ఏమైంది, ఎంత కొట్టినవ్?" అన్నాడు భార్యతో. "వంద దాటిందా?"

"ఐదొందల ఇరవై మూడు," అంది ఖుద్సియా, గుమ్మం దగ్గర నిలబడి.

తమ్ముళ్లిద్దరూ నవ్వారు. సర్వర్ ఇంకా గట్టిగా నవ్వాడు. "ఏది, చూపియ్యి."

"పోయింది."

"ఎట్ల పోయింది?"

"సెల్లులు ఎండల పెట్టినం."

పెట్టింది అత్త అని చెప్పలేదు. సర్వర్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. నా వైపు తిరిగి, "భాభీ, మీరు చూసిన్రా?" అన్నాడు.

"చూసిన. ఐదొందల ఇరవై మూడు."

"మీరు ఆమె దోస్తు."

అవును, దోస్తునే.

సర్వర్ సూట్‌కేసులోంచి కొత్త సెల్లులు తీసి డబ్బాలో వేసి భార్య చేతికిచ్చాడు. "ఇప్పుడు ఆడు. అందరి ముందట. ఐదొందలు కొడితె నీ మిషన్లు నేనే మోసుకొస్త."

మరుదులు చూస్తుంటే, నెత్తి మీద ఓణీ జారకుండా చూసుకుంటూ, నిలబడి ఆడింది ఖుద్సియా. నూట తొంభై ఆరు. మళ్లీ ఆడింది. నూట యాభై. మూడోసారి ఎనభై దగ్గరే మనిషి నెత్తిన చౌకం పడింది. డబ్బాను బల్ల మీద పెట్టేసింది. వెళ్లిపోలేదు, అక్కడే నిలబడింది.

"పోనీలె," అన్నాడు సర్వర్, నిజంగానే జాలిగా. "ఆడోళ్లకు నూట తొంభై కూడ చానా ఎక్కువ."

అప్పటిదాకా తఖ్తు మీద గోడకు ఆనుకుని కూర్చున్న ఇమామ్ బీ, "నువ్వాడు," అంది కొడుకుతో.

"నేనా?"

"నువ్వే. నేనింట."

సర్వర్ ఆడాడు. బాగానే ఆడాడు. ఇమామ్ బీ కళ్లు మూసుకుని విన్నది. మూడు వందల తొంభై దాటాక అతని పెదవులు బిగుసుకున్నాయి, నాలుగు వందల ఐదు దగ్గర ఆట ముగిసింది.

"మొదటి సంది ఆఖరు దాక ఒకటే మోత," అంది ఇమామ్ బీ. "మారలే."

"ఐదొందలు దాటితెనే మారుతది అమ్మీ."

"ఎట్ల మారుతది?"

"నాకేం ఎరుక? నేను దాటలే కద. మా రూముల కుంజు దాటినప్పుడు ఇన్న, అంతె."

ఇమామ్ బీ ముందుకు వంగి, కొడుకు తెచ్చిన బిస్కెట్ల డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. మూత మీద రెండు వేళ్లతో కొట్టింది. టిక్, టిక్, టీ. టిక్, టిక్, టీ. "ఇది దినాం మోగేది. ఇప్పుడు నువ్వాడింది కూడ గిదే." తర్వాత చేయి ఎత్తి, ఒక్క క్షణం ఆగి, వేరేగా కొట్టడం మొదలుపెట్టింది. టిక్‌టీ, టిక్‌టిక్‌టిక్, టీ. టిక్‌టీ, టిక్‌టిక్‌టిక్, టీ. ముసలి వేళ్లు, కానీ ఒక్క దెబ్బ కూడా తడబడలేదు. "ఇది నీ పెండ్లాం ఆడిననాడు మోగింది. ఒక్కనాడే మోగింది. నన్ను నిద్ర పోనియ్యలే."

సర్వర్ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఇంకోసారి కొట్టు అమ్మీ."

కొట్టింది.

"కుంజుది ఇదే," అన్నాడు మెల్లగా, తమ్ముళ్లతో.

"కుంజు ఎవలో నాకు తెల్వదు. ఇది నా కోడలిది," అంది ఇమామ్ బీ. "ఆమె దాటింది. సెల్లులు తీసింది ఆమె కాదు, నేను. నేను చేసిన పనికి ఆమె గది ఎందుకు పోవాలె?"

ఖుద్సియా అత్త వైపు చూసింది. ఇమామ్ బీ మాత్రం బిస్కెట్ల డబ్బా మూత తెరవడానికి గోటితో తంటాలు పడుతోంది.

"నవ్వులాటకు రాసిన అమ్మీ నేను," అన్నాడు సర్వర్.

"ఆమె నెల దినాలు నవ్వుకుంట ఆడలే."

చిన్నవాడైన తమ్ముడు అందుకున్నాడు. "మరి మగోళ్లు వస్తె ఏడ కూసుంటరు పెద్దమ్మా?"

"అరుగు మీద. మీ పెద్దబ్బా బతికున్న దినాలు ఏడ కూసుండె? గాలి రాదా ఆడ?" మూత వచ్చింది. ఒక బిస్కెట్ తీసుకుని వాసన చూసింది. "నా తఖ్తు మాత్రం కదలదు. అది ముందే చెప్తున్న."

మా ఆయన, ఇలాంటప్పుడు మగవాళ్లు చేసే పని చేశాడు, జెడ్డాలో వానలు పడతాయా అని అడిగాడు. పడవని సర్వర్ చెప్పాడు. తర్వాత లేచి నిలబడి గదిని ఈ చివర నుంచి ఆ చివర దాకా అడుగులతో కొలిచాడు.

"తఖ్తు ఉంటె నాలుగు పట్టయి," అన్నాడు. "మూడు."

"మూడు చాలు," అంది ఖుద్సియా వెంటనే. అతను మనసు మార్చుకోవడానికి సందు దొరకలేదు.

అన్న మాట ప్రకారం మిషన్లు సర్వరే మోసుకొచ్చాడు, దస్తగిర్ ఒక వైపు పట్టుకున్నాడు. పేము కుర్చీలు అరుగు మీదికి వెళ్లాయి. సర్వర్ సెలవు ఇంకా నెల రోజులుంది. పొద్దున చాయ తాగి, అరుగు మీద కుర్చీలో కూర్చుని డబ్బా తీసేవాడు. దారిన పోయేవాళ్లు, ఏం సర్వర్ భాయ్, ఇంట్లకు రానిస్తలేరా అంటే, లోపల బడి నడుస్తున్నదని మామూలుగా చెప్పేవాడు. రెండు మూడుసార్లు చెప్పాక ఆ మాటలో కొంచెం గొప్ప కూడా వచ్చి చేరింది.

బడి మొదలైన రోజు మాత్రం, వస్తామన్న ఆరుగురిలో ఇద్దరే వచ్చారు. ఇంటి మగమనిషి ఎదురుగా కూర్చుని ఉంటే అరుగు దాటి లోపలికి రావడానికి మిగతా పిల్లలకు మొహమాటం. మూడో మిషన్ ఖాళీగా ఉండిపోయింది. ఖుద్సియా దాని వైపు రెండుసార్లు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నాకు సూదిల దారం ఎక్కించుడు కూడ రాదు," అన్నాను.

"రానోళ్లకే కద బడి," అంది ఇమామ్ బీ తఖ్తు మీద నుంచి. "కూసో."

కూర్చున్నాను. గుడ్డ ముక్క పెట్టి, ఖుద్సియా చెప్పినట్టే చక్రం చేత్తో తిప్పి, కాళ్లు కదిపాను. మిషన్ వెనక్కి వెళ్లింది. మళ్లీ తిప్పాను. ఈసారి ముందుకు వెళ్లింది, ఆగమంటే ఆగలేదు. ఆగాక చూస్తే గుడ్డ ముక్కతో పాటు నా చీర కొంగు కూడా జానెడు పొడుగున కలిసి కుట్టుకుపోయింది. పిల్లలిద్దరూ తలలు దించుకుని వణుకుతున్నారు, నవ్వు ఆపుకోవడానికి.

ఖుద్సియా నవ్వలేదు. కత్తెర తెచ్చి, ఒక్కో కుట్టూ తెంపి, నా కొంగు నాకు విడిపించి ఇచ్చింది.

"రేపటి సంది కొంగు దోపుకొని రావాలె," అంది.

బడి పిల్లకు చెప్పినట్టే చెప్పింది, అక్కా అని కూడా అనలేదు.